పచ్‌పన్ టైర్ల మీద షహానియాకు

ఖతర్ నుంచి తిరిగొచ్చి నెల దాటింది. మా మెట్‌పల్లిలో కూరగాయల దగ్గర ఎవరు ఎదురుపడ్డా ఒకటే ప్రశ్న: "టీచరమ్మా, దుబాయ్ ఎట్లుంది?" నేను పోయింది దుబాయ్ కాదని మొదటి వారం అందరికీ చెప్పి చూశాను. గోడకు చెప్పినట్టే అయింది. ఇప్పుడు "మస్తుంది" అని ఊరుకుంటున్నాను. ఏం చూశావని అడిగితే మాత్రం ఉన్నమాటే చెబుతున్నాను. కారు టైర్లు చూసొచ్చాను.

నవ్వుతున్నారు కదా? నవ్వండి. ముప్ఫై ఒక్క ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి పోయినేడు రిటైరయ్యాను. లెక్క తప్పినవాళ్లను నేను ఊరికే వదిలిన పాపాన పోలేదు. అలాంటి నేను పరదేశం పోయి, నా నోటి దురుసుతో సొంత తమ్ముడి ఉద్యోగానికే ఎసరు పెట్టాను. ఎలాగో వినండి.

అల్ ఘర్రాఫా: ఈ మామా ఎవరు?

మా తమ్ముడి పేరు లింబాద్రి. లింబాద్రి గుట్ట మీది నర్సింహస్వామికి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. తొమ్మిదేళ్లుగా అల్ ఘర్రాఫాలో ఒక ఖతరీ ముసలావిడ ఇంట్లో డ్రైవరుగా ఉన్నాడు. ఇంటి యజమానురాలిని అక్కడి పనివాళ్లు "మామా" అంటారు. ఈ సంగతి తెలియక మొదట్లో ఇంటి దగ్గర పెద్ద గందరగోళమే అయింది. వాడు ఫోనులో "మామా బజారుకు పోయింది" అనగానే మా అమ్మ "మీ మామ ఆడమనిషెప్పుడైండురా?" అని నోరు తెరిచింది.

నేను దిగింది షాహీన్ ఇంట్లో. షాహీన్ నా దగ్గర తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివిన పిల్ల. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. ఇంట్లోనే మిషను పెట్టుకుని, అక్కడి ఆడవాళ్లు పైన తొడుక్కునే అబాయాలు కుడుతుంది. మామా ఇంటికి అక్కడికి సరిగ్గా రెండు కిలోమీటర్లు. ఈ రెండు కిలోమీటర్లను గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తాయి.

మొదటి సాయంత్రమే షాహీన్ బగారన్నం, దాల్చా వండి పెట్టింది. తిన్నాక లింబాద్రి, మామాను అడిగి తెచ్చిన కారులో మమ్మల్ని కూర్చోబెట్టుకుని ఒక టీ కొట్టు ముందు ఆపి హారన్ కొట్టాడు. నేను అదిరిపడ్డాను. మా దగ్గర కొట్టు ముందు అలా హారన్ కొడితే తిట్లు వస్తాయి. అక్కడ చాయ్ వచ్చింది! ఒకతను పరుగున వచ్చి కిటికీలోంచి మూడు కాగితపు కప్పులు అందించాడు. కడక్ చాయే, వాళ్లు కరక్ అంటారు, యాలకుల వాసనతో గొంతులో చిక్కగా దిగింది. కప్పు రెండు రియాళ్లు. ఆ వారంలో నేనెన్ని కప్పులు తాగానో మాత్రం అడగొద్దు.

ఆ చాయ్ తాగుతుండగానే మామా సంగతి చెప్పాడు. ఆమెకు అల్ షహానియా అవతల ఒంటెల దొడ్డి ఉంది. లింబాద్రి రోజూ పొద్దున్నే ఒక్కడే అక్కడికి వెళ్లి తాజా ఒంటె పాలు తెస్తాడు. పోను ముప్ఫై, రాను ముప్ఫై. అంతకుముందున్న డ్రైవరు పాల వంకతో బండిని సొంత తిరుగుళ్లకు వాడుకుని, అడిగితే అబద్ధాలు ఆడాడట. అప్పటినుంచి మామా రోజూ తన చేత్తోనే ట్రిప్ మీటరును సున్నా చేసి పంపుతుంది, రాగానే చూసుకుంటుంది.

"తొమ్మిదేండ్ల సంది అరవై అంటే అరవయ్యే అక్కా," అన్నాడు గర్వంగా. "ఒక్కనాడు అరవై ఒకటి గాలే."

నాకు భలే సంతోషమేసింది. నా తమ్ముడు కదా మరి!

టైర్ల వీధి: నా హిందీ పాండిత్యం

రెండో రోజు ఒక వెనక టైరు పక్కన బుగ్గలాగా ఉబ్బింది. మిగతావీ అరిగిపోయాయి, నాలుగూ మార్పించమని మామా చెప్పింది. టైర్ల కొట్టు నడిపేది పెషావరు వైపు పఠాను, అందరూ ఖాన్ సాబ్ అంటారు. సైజు చెబితే గోదాంనుంచి తెప్పించి పెడతానని ఫోనులో హిందీలో అన్నాడు. నేను టైరు పక్కన గొంతుక్కూర్చుని దాని మీది అంకెలు చదివాను: 215/65 R16.

"ఇంగ్లీషుల చెప్పక్కా, ఈడ అందరు గట్లనే చెప్తరు," అన్నాడు లింబాద్రి.

"ఆయన హిందీల అడుగుతుంటే ఇంగ్లీషుల చెప్తారా? మర్యాదేనా?" అని ఫోను లాక్కున్నాను. గొంతు సవరించుకుని చెప్పాను: "దో సౌ పంద్రా, పచ్‌పన్, సోలా!"

అవతల ఖాన్ సాబ్ మళ్లీ అడిగాడు. "పచ్‌పన్? పక్కా?"

"పక్కా! మై మ్యాథ్స్ టీచర్ హూఁ!"

ఇంకేం అడుగుతాడు పాపం!

మేం వెళ్లేసరికి టైర్లు సిద్ధంగా ఉన్నాయి. పనివాళ్లు బండి లేపి పాతవి ఊడదీసి కొత్తవి ఎక్కించేలోపు ఖాన్ సాబ్ మమ్మల్ని పాత టైర్ల దొంతర మీద కూర్చోబెట్టి, రొట్టె, పప్పు తెప్పించాడు. ఆ రొట్టె విస్తరాకు కంటే పెద్దది. ఆయనా మేమిద్దరమూ మూడు వైపులనుంచి చించుకుని తిన్నాం. ముక్కూ మొహం తెలియని నన్ను అన్నం వేళకు తిననిదే లేవనీయలేదు ఆ మనిషి. తిరిగొస్తుంటే లింబాద్రి స్టీరింగు తిప్పుతూ అన్నాడు.

"బండి జరంత కిందికి కూసున్నట్టు లేదూ?"

"కొత్త టైర్లు కదరా, నాలుగొద్దులు పోతే సర్దుకుంటయ్," అన్నాను. టైర్ల గురించి నాకేం తెలుసని? అయినా టీచరు నోరు ఊరుకోదు.

లుసైల్: సిమెంటు బల్ల మీద లెక్క

నాలుగో రోజు షాహీన్ నన్ను లుసైల్ తీసుకెళ్లింది. కొత్తగా కట్టిన ఊరు, ఇంకా కడుతూనే ఉన్నారు. రోడ్లు విశాలం, మనుషులు తక్కువ, సముద్రపు గాలి ఎక్కువ. చలికాలం కాబట్టి మధ్యాహ్నం కూడా హాయిగా ఉంది. ఒక సిమెంటు బల్ల మీద కూర్చుని తెలుగులో మాట్లాడుకుంటున్నాం. పక్క బల్ల మీద టిఫిను విప్పుకున్న ఒకతను, పచ్చరంగు జాకెట్టు వేసుకున్నవాడు, చటుక్కున లేచి వచ్చాడు.

"అమ్మా, మీరు మా దిక్కోళ్లేనా?"

సిరిసిల్ల దగ్గరివాడు, పేరు మల్లేశం. ఎదురుగా లేస్తున్న బిల్డింగులో టైల్సు పని. నాది మెట్‌పల్లి అనగానే మొహం వెలిగిపోయింది. "బస్టాండు కాడ మిరపకాయ బజ్జీలు ఇంక ఏస్తున్నరా?"

"ఏస్తున్నరు బిడ్డా. నూనె మాత్రం అప్పటిదే, మార్చలే."

పడీపడీ నవ్వాడు. నాకు బత్తాయి వొలిచి ఇచ్చాడు. సరిగ్గా అప్పుడే లింబాద్రి ఫోను వచ్చింది.

"అక్కా, మామా నన్ను కద్దాబ్ అన్నది." కద్దాబ్ అంటే అబద్ధాలకోరు. "నిన్న మీటరు అరవై నాలుగు చూపించింది. ఇయ్యాల మల్ల అరవై నాలుగు. ఎటు పోయినవ్ అన్నది. ఎటు పోలే అన్న. మీ అక్క ఇల్లు రెండు కిలోమీటర్లు, పోను రాను నాలుగు, నాకు తెల్వదా అన్నది. అడిగితే నేనే పంపకపోదునా, అబద్ధమెందుకు అన్నది. ఆదివారం కొత్త డ్రైవర్ వస్తడట. నన్ను నీతోనే విమానమెక్కుమన్నది."

వాడు పొద్దున పూట ఒక్కరోజు కూడా షాహీన్ ఇంటికి రాలేదు. వస్తే సాయంత్రాలు, అదీ మొదటి రోజు తప్ప నడిచే వచ్చేవాడు. తొమ్మిదేళ్లు నిజాయితీగా చేసి చివరకు అబద్ధాలకోరన్న పేరుతో ఇంటికి రావాలా? ఏడుపొచ్చింది. అది కాస్తా వెంటనే కోపమైంది.

"ఏడ్వకు! మీటరు ఊకెనే ఎట్ల మారుతది? ఏం మార్చినమో చెప్పు."

"టైర్లే గదా మార్చినం."

"పో, కొత్త టైరు మీద ఏముందో చదువు."

కాసేపటికి చదివాడు. "రెండు వందల పదిహేను... యాభై ఐదు... పదహారు."

"చూసినవా! ఖాన్ సాబ్ మోసం చేసిండు! నేను స్పష్టంగ పచ్‌పన్ అని చెప్తే యాభై ఐదు అంటగడతడా?" అని అరిచాను.

షాహీన్ దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది.

"టీచర్... పచ్‌పన్ అంటే యాభై ఐదే. అరవై ఐదుకు పైంసఠ్ అంటరు."

సిగ్గుతో చచ్చిపోయాననుకోండి! మల్లేశం మొహం సముద్రం వైపు తిప్పుకున్నాడు గానీ, భుజాలు ఎగురుతున్నాయి.

"ఏడెనిమిదులు యాభై నాలుగు అన్ననని నన్ను ఒక పీరియడంతా నిలబెట్టిన్రు టీచర్, యాదుందా?" అంది షాహీన్.

"నన్ను ఈ సముద్రంల నిలబెట్టు బిడ్డా, నాకేం తక్కువ శిక్ష పనికిరాదు," అన్నాను.

అయితే తప్పు దొరికింది కదా, ఇక లెక్క చేతిలో పనే. మల్లేశం జేబులోంచి సుద్దముక్క తీసిచ్చాడు. ఆ సిమెంటు బల్లే నాకు బ్లాక్‌బోర్డయింది. అతను అంతకుముందు ట్రక్కుల మీద పనిచేసినవాడు కాబట్టి అంకెల అర్థం చెప్పాడు. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది టైరు గోడ ఎత్తు, ఆ వెడల్పులో నూటికి ఎంతో చెబుతుంది. చివరిది లోపలి ఇనుప చక్రం, అంగుళాల్లో.

రెండు వందల పదిహేనులో నూటికి అరవై ఐదంటే దాదాపు నూట నలభై. గోడ చక్రానికి పైనా ఉంటుంది, కిందా ఉంటుంది కాబట్టి రెట్టింపు చేస్తే రెండు వందల డెబ్భై తొమ్మిదిన్నర. పదహారు అంగుళాల చక్రం నాలుగు వందల ఆరు చిల్లర. కలిపితే పాత టైరు మొత్తం ఎత్తు ఆరు వందల ఎనభై ఆరుకు ఒక్క చుక్క తక్కువ. అదే లెక్క యాభై ఐదుతో చేస్తే ఆరు వందల నలభై మూడుకు ఒక్క చుక్క తక్కువ. తేడా నలభై మూడు మిల్లీమీటర్లు. బండి కిందికి కూర్చుందని తమ్ముడు అననే అన్నాడు!

చిన్న చక్రం ఒక చుట్టుకు తక్కువ దూరం పోతుంది. అందుకని అదే దారికి ఎక్కువసార్లు తిరగాలి. మీటరు లెక్కపెట్టేది చక్రం తిరిగిన చుట్లనే, దారిని కాదు. అరవైని పెద్ద ఎత్తుతో గుణించి చిన్న ఎత్తుతో భాగించాను. సుద్ద విరిగింది. మిగిలిన ముక్కతో జవాబు రాశాను.

అరవై నాలుగు.

నేను ఆ బల్ల చుట్టూ ఎగిరాను. ఈ వయసులో ఎగరకూడదని మోకాళ్లు తర్వాత చెప్పాయి. మల్లేశం డ్యూటీ టైమైందని పరిగెత్తుతూ అరిచాడు. "అమ్మా, మామాకు గిదే లెక్క చెప్పున్రి! యల్లా!" పదండి అనడానికి అక్కడ అదే మాట.

మామా ముందు ఫింజాన్

చెప్పాలంటే ఆమె వినాలి కదా. మాఫీ కలామ్, అంటే ఇక మాటల్లేవు, అనేసిందట. మర్నాడు శుక్రవారం. అతిథిగా వస్తే ఎవరినీ గుమ్మంలోంచి పంపరన్న ధైర్యంతో నేనే వెళ్లాను. పోయేముందు తమ్ముడి కోసం నర్సింహస్వామికి ఒక్కపొద్దు మొక్కుకున్నాను. నా ఒక్కపొద్దంటే పొద్దుగూకేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టను.

మామా సన్నగా, నిటారుగా ఉంది, కళ్లు చురుకు. నన్ను తివాచీ మీద పక్కన కూర్చోబెట్టుకుని ఖర్జూరాలు జరిపింది. చెవుల్లేని చిన్న కప్పులో, ఫింజాన్ అంటారు, పసుపు రంగు కాఫీ తన చేత్తోనే పోసి ఇచ్చింది. లింబాద్రి ఒక మూల నిలబడ్డాడు. ఆ రోజు ముద్దాయీ వాడే, దుబాసీ వాడే.

నేను కప్పు తీసుకుని కళ్లకద్దుకుని, తాగకుండా ముందు పెట్టాను. ఒక్కపొద్దు కదా!

మామా నా కప్పు వైపు చూసింది. నా మొహం చూసింది. మళ్లీ కప్పు చూసింది. నెమ్మదిగా ఏదో అంది. లింబాద్రి కళ్లు పెద్దవయ్యాయి.

"అక్కా, నువ్వు కాఫీ తాగకుంట పెట్టినవ్ గదా! ఈళ్లల్ల ఏదన్న పెద్ద కోరిక అడగనీకి వచ్చినోళ్లే గట్ల పెడతరట. ఇంటోళ్లు సరే అనేదాక తాగరట. ఏం గావాల్నో అడుగుమంటున్నది!"

నేను దేవుడికి పెట్టుకున్న మొక్కు ఆమెకు అడుగుడైంది. లింబాద్రి స్వామీ, నువ్వు అరబ్బీ కూడా నేర్చావా తండ్రీ!

"జర బండి కాడికి రమ్మను," అన్నాను. "స్టెప్నీ దించు."

వెనక డిక్కీలో ఉన్న స్టెప్నీని ఎవరూ మార్చలేదు. అది పాత సైజుదే. దాన్ని ముందు చక్రం పక్కన నిలబెట్టి రెండింటి మీదా షాహీన్ ఇచ్చిన చెక్క స్కేలు అడ్డంగా ఆనించబోతే స్కేలు ఒరిగిపోయింది. సమంగా పట్టుకుంటే కారు టైరుకూ స్కేలుకూ మధ్య సందు మిగిలింది. మామా వంగి ఆ సందులో వేళ్లు పెట్టింది. రెండు వేళ్లు సులువుగా పట్టాయి, ఇంకా కొంచెం ఖాళీ మిగిలింది.

"తప్పు నీ డ్రైవర్‌ది కాదు, నాది," అని చెప్పమన్నాను. "హిందీ అంకె తప్పు చెప్పినా. చిన్న టైర్లు వచ్చినయ్, అవి ఎక్కువ చుట్లు తిరుగుతయ్, మీటరు ఆ చుట్లనే లెక్కపెడతది. నువ్వు బండిల కూసో, ఎక్కడా ఆగకుంట దొడ్డికి పోదాం. ముప్ఫై కిలోమీటర్లే గదా? మీటరు ముప్ఫై రెండు చూపిస్తది. చూపియ్యకుంటే మా ఇద్దర్నీ రేపే పంపియ్యి."

తమ్ముడు ఆ చివరి మాటను అరబ్బీలోకి మార్చడానికి మనసొప్పక నా వైపు చూశాడు. "చెప్పురా!" అన్నాను. చెప్పాడు.

షహానియా: ముప్ఫై రెండు

మామా తన చేత్తో మీటరును సున్నా చేసి నా పక్కన కూర్చుంది. ఊరు దాటాక రెండు పక్కలా లేత గోధుమరంగు నేల. మాకు రోడ్డు మీద గేదెలు అడ్డమొస్తాయి, అక్కడ ఒంటెలు వచ్చాయి, ఒక్కోదానికి ఒక్కో రంగు దుప్పటి కప్పుకుని, ఏ తొందరా లేకుండా. వాటి పందేల మైదానం పక్కనుంచే వెళ్లాం. ఒంటెల మీద మనుషులకు బదులు చిన్న చిన్న యంత్రాలను కూర్చోబెట్టి ఉరికిస్తున్నారు. వేరే రోజైతే దిగి చూద్దునేమో. ఆ రోజు నేను చూసింది మీటరును ఒక్కదాన్నే. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. లెక్క తెలుసు, అయినా వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టుకున్నాను.

దొడ్డి గేటు ముందు బండి ఆగింది. మామా ముందుకు వంగింది. నేనూ వంగాను. లింబాద్రి మాత్రం కళ్లు మూసుకున్నాడు.

ముప్ఫై రెండు.

మామా నవ్వింది. నోరారా, గాజుల చెయ్యి నా తొడ మీద కొట్టి మరీ నవ్వింది. తర్వాత కిందికి దిగి, ఒంటెల కాపరులందరూ చూస్తుండగా మా తమ్ముడి ముందు నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "సామెహ్నీ, యా బద్రీ," అంది. లింబాద్రి అని నోరు తిరగక ఆమె వాణ్ని బద్రీ అంటుంది. సామెహ్నీ అంటే నన్ను క్షమించు అని. వాడు "మామా, మామా" అంటూ ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. మధ్యలో నాలుగు రోజుల కిందట పుట్టిన ఒంటె పిల్ల ఒకటి వచ్చి నా చీర కొంగు నమలడం మొదలుపెట్టింది. అది చూసి అందరం మళ్లీ నవ్వులో పడ్డాం.

పొద్దుగూకాక మామా ఇంట్లో వేడిగా పోసిన కాఫీ తాగి ఒక్కపొద్దు విడిచాను. ఆ కాఫీకి అలవాటు పడాలంటే ఇంకో జన్మ ఎత్తాలి. అయినా మూడు కప్పులు తాగాను. చాలనడానికి కప్పును అటూ ఇటూ ఊపాలని నాకెవరు చెప్పారు?

మళ్లీ ఖాన్ సాబ్

శనివారం టైర్లు వాపసు పట్టుకెళ్లాం. మారు మాట్లాడకుండా తీసుకుని సరైనవి ఎక్కించాడు. అయితే ఒక షరతు పెట్టాడు. టీచర్ సాబ్ యాభై నుంచి ఎనభై దాకా హిందీలో ఒప్పజెప్పాలి. కొట్టులో పనివాళ్లంతా స్పానర్లు పక్కన పెట్టి చుట్టూ చేరారు. యాభై తొమ్మిదికి ఉన్‌సఠ్ అనడానికి తడబడ్డాను, అరవై తొమ్మిదికి ఉన్‌హత్తర్ అనలేక పూర్తిగా కూలబడ్డాను. పైంసఠ్ రాగానే మాత్రం కొట్టంతా చప్పట్లు మారుమోగాయి. ముప్ఫై ఒక్క ఏళ్లు పిల్లల్ని నిలబెట్టి ఎక్కాలు అప్పజెప్పించుకున్నదాన్ని, ఆ రోజు నేనే నిలబడి అప్పజెప్పాను. నిజం చెప్పనా, బాగుంది.

ఆదివారం నుంచి మీటరు మళ్లీ అరవైకి వచ్చింది. కొత్త డ్రైవరు రాలేదు.

తిరుగు ప్రయాణం రోజు

పెట్టె సర్దుకుంటుంటే షాహీన్ ఇంటి కింద హారన్ మోగింది. పొద్దున ఏడు కూడా కాలేదు. కిటికీలోంచి చూస్తే లింబాద్రి. పాల వేళకు వీడు ఇక్కడేం చేస్తున్నాడు? చెప్పుల్లేకుండానే కిందికి ఉరికాను.

"ఒరే, మీటరు! మామా మీటరు చూస్తది గదరా! బుద్ధుందా నీకు?"

వాడు నవ్వుతూ స్టీలు క్యాను చేతిలో పెట్టాడు. ఒంటె పాలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి.

"మామానే పంపింది. మీ అక్కకు పాలిచ్చి రా, ఎనుకకొచ్చినంక మీటరు అరవై నాలుగు చూపియ్యకుంటే నిన్ను ఇంట్లకు రానియ్య అన్నది."